గోడకెక్కిన విలువలు

ఇటీవల అల్లూరు ప్రాంతపు కాపరుల కూడిక యొకదానిలో, పట్టణమునుండి వచ్చిన ఒక బోధకుడు, ప్రధానవిలువలను వ్రాసి గోడకు తగిలించుకొనని సంఘము దిక్కు తెలియని సంఘమనియు, పల్లెటూరి పాతసంఘములకు ఆచారములేగాని విలువలు లేవనియు నిస్సంకోచముగా పలికి, ముందువరుసలలోని యువకాపరుల కరతాళధ్వనుల నందుకొని వెడలిపోయెను. ఆయన వెడలిపోయెనుగాని ఆ మాట ఇచ్చటనే నిలిచిపోయినది. సముద్రపు గాలికి కిటికీ చువ్వలు త్రుప్పుపట్టియుండగా వానిని మార్పించుటకు సొమ్ము చాలదని చెప్పుకొను ప్రార్థనాలయములయందు సయితము ఇప్పుడు నిగనిగలాడు ఫ్లెక్సీలు వెలసినవి. పైన దర్శనము, దాని క్రింద లక్ష్యము, ఆ క్రింద వరుసగా ప్రేమ, ఐక్యత, శ్రేష్ఠత, ప్రామాణికత, నాయకత్వము, వృద్ధి, ప్రభావము. వీనిలో ఒక్కటియు అల్లూరును గూర్చి గాని నెల్లూరు సీమను గూర్చి గాని చెప్పదు. ప్రేమ యను మాటను తీసివేసినచో హైదరాబాదులోని ఏ వ్యాపారసంస్థ గోడమీదనైనను ఇవే యుండును.

ఈ పద్ధతి నిష్ప్రయోజనమని మాత్రమే తలచియున్నయెడల నేను కలము పట్టకపోదును. ఇది హానికరమని నా దృఢవిశ్వాసము. సంఘమునకు విలువ యనునది ప్రకటించుటవలన సిద్ధింపదు. దానికొరకు కూలి పోగొట్టుకొన్ననాడు, ఊరివారి ఆదరము పోగొట్టుకొన్ననాడు, పుస్తకములో పేర్లు తగ్గినను సరేయని నిలిచిననాడు సిద్ధించును. దేనికొరకు సంఘము ఏ నష్టమునకును ఓర్వలేదో, అది ఎంత పెద్ద అక్షరములతో వ్రాయబడియున్నను ఆ సంఘపు విలువ కానేరదు. బస్తామీది ముద్రను చూచి లోనివి మొలగొలుకులని నమ్మువాడు అల్లూరు రైతు కాడు. గింజను పంట కొరికి చూచును. ఆ పరీక్షనే ఈ ఫ్లెక్సీల విషయమునను చేయవలసియున్నది.

మొదట వృద్ధిని తీసికొందము. అమెరికను బాప్తిస్టు మిషను పక్షమున శామ్యూల్ డే 1836లో తెలుగుదేశమున అడుగిడి, 1840లో నెల్లూరున నివాస మేర్పరచుకొనెను. పిమ్మట పాతికయేండ్ల కాలము ఆ మిషనుకు దక్కిన విశ్వాసులు అత్యల్పసంఖ్యాకులు. ధనమిచ్చు అమెరికా సంఘములవారు విసిగి, 1848లో ఒకమారు, 1853లో ఒకమారు, 1862లో మరియొకమారు, ఈ పనిని మూసివేయుదమా యని తర్కించిరి. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన చర్చలో నెల్లూరు మిషను పటముమీద ఏకాకియైన నక్షత్రమని పేరుపడినది. 1862లో, స్వదేశమునకు పోయియున్న నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్, మీరు మూసివేసినను నేను ఒంటరిగానైన తెలుగువారిమధ్యకు మరలిపోయి అచ్చటనే బ్రదికి అచ్చటనే చనిపోయెదనని పట్టుబట్టుటవలన గదా ఆ మిషను బ్రదికినది! వృద్ధియే ప్రధానవిలువగా నెంచియున్నయెడల నెల్లూరున నేడు సంఘమే లేదు, ఆ బోధకునకు ఉపన్యసించుటకు కూడికయు లేదు.

ఇంతకంటె గట్టి నిదర్శనము ధాతకరవు నాటిది. 1876 మొదలు 1878 వరకు ఈ సీమను దహించిన ఆ క్షామములో, ఒంగోలులోని మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్న వేలమందికి కూలి చూపించెను. ఆ కూలివారిలో అనేకులు బాప్తిస్మము నడిగిరి. ఆయన ఇయ్యలేదు. అన్నముకొరకు వచ్చినవారని లోకము నిందించుననియు, అట్టి నింద సత్యమగుట కూడ సాధ్యమేననియు తలచి, సుమారు 15 నెలలు బాప్తిస్మములను నిలిపివేసెను. కరవుపని ముగిసి, ఇక పంచుటకు నాయొద్ద ఏమియు లేదని చెప్పిన పిమ్మటగూడ వచ్చినవారినే చేర్చుకొనెను. 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా దిగి 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. ఈ సంఖ్యను మనవారు ప్రతి మహాసభలోను గర్వముతో వల్లించుచున్నారు. దానికి ముందున్న 15 నెలల నిరాకరణమును ఒక్కడైనను స్మరింపడు. ఆ నిరాకరణములోనే విలువ యున్నది. చేతికందిన వేలమందిని చేర్చుకొనకుండ ఆగినవాని సంయమమును మరచి, సంఖ్యను మాత్రము పట్టుకొని గోడమీద వృద్ధియని వ్రాయుట పితృధనమును అపహరించుటతో సమానము.

ఇక ఐక్యత. నా కోపమంతయు ఈ పదముమీదనే యున్నది గనుక దీనియొద్ద కొంత ఆలస్యము చేసెదను.

క్లౌ 1866లో ఒంగోలు చేరినప్పుడు అగ్రకులముల పెద్దలు ఆయన నాదరించిరి, తమ బిడ్డలను ఆయన పాఠశాలకు పంపిరి. ఇంతలో యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ విశ్వాసియు, అతని బంధువర్గమును వచ్చిరి. వీరిని చేర్చుకొన్నయెడల మేము రాము, మా బిడ్డలు రారని పెద్దలు స్పష్టముగా చెప్పిరి. ఆ రాత్రి ఆయన ఒక గదిలోను ఆయన భార్య వేరొక గదిలోను ఒకరికొకరు తెలియకయే బైబిలు తెరవగా, ఇద్దరికిని మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయములో, లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమే కంటబడెనని ఆయన తరువాత వ్రాసికొనెను. పాఠశాలలోని అగ్రకులపు బాలురు వెడలిపోయిరి, మాదిగలు నిలిచిరి. పలుకుబడిగలవారి స్నేహమును, వారితోకూడ రాగల ధనమును, గౌరవమును కోలుపోయి సంఘము ఒక నిర్ణయమునకు వచ్చినది. ప్రభావమును విలువగా వ్రాసికొన్న నేటి సంఘమేదైనను ఆ దినమున ఏ గదిలోని బైబిలును తెరచియుండునో చెప్పగలరా?

ఆ చేరినవారు మాత్రము తక్కువ వెల చెల్లించిరా? వారికి బోధకులు విధించిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, విగ్రహారాధన కూడదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు. వ్రాసిన పలక లేదు, ఏడు పదములు లేవు. ఆ మూడును గూడెములో ప్రతివాని నాలుకమీదను ఉండెను. వానిలో ఒక్కొక్కదానికి ఎంత మూల్యమో ఈ పల్లెలయందు పుట్టినవారికి చెప్పనక్కరలేదు. కోతలనాడు ఆదివారము కొడవలి పట్టనన్న పాలేరును ఏ ఆసామి సహించును? జాతరలో డప్పు కొట్టనన్న మాదిగకు ఊరిలోని మేరగింజలు దక్కునా? చచ్చిన గొడ్డు తిననన్నవాడు కులవృత్తికి ఎదురు తిరిగెనని ఊరు పగబూనదా? కొట్టినారు, బావుల నీరు మాన్పించినారు, దొంగకేసులు పెట్టినారు. ఆ మూడు నియమములకును అంతటి శక్తి యుండుటకు కారణము అవి వీపుమీద వ్రాయబడుటయే.

అల్లూరులో 1873లో ఎడ్విన్ బుల్లార్డు మిషనుస్థానమును నెలకొల్పినప్పుడు ఈ మాగాణిభూములలో ఇతరుల పొలము దున్నుచు, నాట్లు వేయుచు బ్రదుకు కూలిజనమే సంఘమైనది. ఆ జనముయొక్క మునిమనుమలు నేడు చదువుకొన్నారు, ఉద్యోగములలో నున్నారు. వారి ఐక్యత ఎట్లున్నది? ఈ తీరమునందలి గ్రామములను తిరిగి చూడుడు: మాలపల్లెలో ఒక ప్రార్థనాలయము, మాదిగపల్లెలో ఒక ప్రార్థనాలయము, ఒకే పేరుగల సంఘము, ఒకే కీర్తనల పుస్తకము, ఒకే మతవిశ్వాసము, నడుమ ఒక రస్తా. ఆ రస్తాను దాటి ప్రభురాత్రి భోజనమునకు పోవువారెందరు? పిల్లను అడుగబోవువారెందరు? సంఘములో పెద్దలను ఎన్నుకొను దినము వచ్చెనా, ఏ కులమువాని కెన్ని వోట్లని వ్రేళ్లు మడచి లెక్కించువారు సాయంకాలము అదే గోడక్రింద నిలిచి ఐక్యతను గూర్చి ప్రార్థించుచున్నారు. ఒంగోలులో అగ్రకులములవారిని వదలుకొని కడజాతివారిని చేర్చుకొన్న సంఘముయొక్క సంతతి, తనలో తాను కులమును మరల నాటుకొని నీరు పోయుచున్నది. దీనిని గూర్చి ఒక్క వాక్యమైనను పలుకని పలక సత్యమును కప్పిపుచ్చుటకే ఉపయోగపడుచున్నది.

ప్రామాణికతను గూర్చియు ఇచ్చటనే చెప్పవలెను. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, హిందూమతము నవలంబింపని వానిని షెడ్యూల్డు కులస్థునిగా పరిగణింపరాదని శాసించినది; 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును ఆ ద్వారము తెరువబడినది; అట్టి కులములనుండి వచ్చిన క్రైస్తవునకు నేటికిని తెరువబడలేదు. ఆంధ్రప్రదేశమున అతడు వెనుకబడిన తరగతులలో సి సముదాయమునకు చేరి, నూటికి ఒక వంతు రిజర్వేషనులో తన అదృష్టమును వెదకుకొనవలెను. వివక్షము మాత్రము బాప్తిస్మపు నీటిలో కరగలేదు. టీదుకాణములోను, అద్దె యింటియొద్దను, పెండ్లిసంబంధములోను అతని కులము అతనిని విడువలేదు. కావుననే ఎందరో యువకులు ఆదివారము ఒక పేరుతోను, సోమవారము కార్యాలయములో మరియొక పేరుతోను బ్రదుకుచున్నారు. నేను వారిని నిందింపను. ఆకలిగొన్నవానికి వేరొక త్రోవ చూపనివాడు వానిని నిందించుటకు అర్హుడు కాడు. కాని వారి తలపైన ప్రామాణికత యను పదమును వ్రేలాడదీసి, వారి చిక్కును గూర్చి వేదికనుండి ఒక్కనాడును నోరు మెదపని కాపరిని మాత్రము నిందించెదను. న్యాయముకొరకు ఆ యువకులపక్షమున నిలిచి అర్జీ వ్రాయుట, వారి చదువునకు సంఘనిధినుండి సాయము చేయుట, అబద్ధమాడక బ్రదుకగోరినవానికి సంఘము తోడునిలుచుట, ఇవి చేయనిచో ఆ పదమును చెరిపివేయుటయే మర్యాద.

శ్రేష్ఠతనుగూర్చి అధికముగా వ్రాయుటకు మనసొప్పకున్నది. ఆ పదము గోడమీదికి వచ్చినప్పటినుండి జరిగినది ఒకటే: చెవులు పగులు స్పీకర్లు వచ్చినవి, కీబోర్డు వచ్చినది, వెలుగులు చిమ్ము దీపములు వచ్చినవి, సంఘము పాడుట మానినది. ఒరియాసీమ పొలిమేరను బ్రాహ్మణకుటుంబమున 1803లో పుట్టి, క్రీస్తును స్వీకరించి, కర్ణాటకరాగములలో కీర్తనలు కూర్చిన పురుషోత్తమ చౌదరి, అక్షరము రాని కూలిస్త్రీ నోటికి గూడ వేదాంతమును అందించెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని ఆయన పాటలను నాట్లు వేయు చేలలో వంగి పాడిన వృద్ధురాండ్రు మన సంఘములలో నేటికిని ఉన్నారు. నేడు వారు వెనుకవరుసలో చేతులు కట్టుకొని, వేదికమీది నలుగురు యువకులు తమకై పాడుటను చూచుచున్నారు. సంఘమంతయు కంఠమెత్తి అపస్వరముతో పాడుటకంటె నలుగురు సుస్వరముగా పాడుట శ్రేష్ఠమని నిర్ణయించినవారెవరు? ఏ సంఘసభలో ఆ తీర్మానము జరిగినది?

సంఘసభ యనగానే ఇంకొక మాట. బాప్తిస్టు సంఘమునకు బిషప్పు లేడు. 1947లో దక్షిణ ఇండియా సంఘమేర్పడినప్పుడు మనవారు అందు చేరలేదు. 1962లో నెల్లూరు కేంద్రముగా తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశ మేర్పడినను, స్థానికసంఘము తన కార్యములను తానే నిర్ణయించుకొనునను సూత్రము మనకు ప్రాణప్రదము. దాని అర్థమేమనగా, కాపరిని పిలుచుట, సభ్యుని చేర్చుకొనుట, సొమ్ము ఖర్చుచేయుట సభ్యులందరి సమక్షమున జరుగవలెననియే గదా. ఈ ప్రధానవిలువలను ఏ సభ ఆమోదించినది? కాపరియు ఆయన ఆంతరంగికులు ఇద్దరు ముగ్గురును పట్టణపు శిక్షణలో ఇచ్చిన కాగితమును చూచి, ముద్రణాలయమున అచ్చువేయించి, శనివారము రాత్రి తగిలించిరి. సంఘముయొక్క విలువలను సంఘమునడుగక నిర్ణయించుటయే మన మొదటి సూత్రమునకు ద్రోహము. పూటపూటకు ఎసటిలో పోయు బియ్యమునుండి పిడికెడు తీసి కుండలో దాచి తెచ్చి ఇచ్చిన తల్లులకు ఆ బియ్యపు సొమ్ము ఎట్లు ఖర్చైనదో చదివి వినిపింపని సంఘము విలువలను గూర్చి మాటాడుట అన్యాయము.

క్రొత్తగా వచ్చువారికి మనమెవరమో తెలియవలదా యని కొందరు. వచ్చినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అన్నము పెట్టుడు, తెలియును. సువార్తికులు భక్త్ సింగ్ గారి మహాసభలలో, హైదరాబాదు హెబ్రోనునందు, వేలమంది చాపలమీద బారులుగా కూర్చుండి ఒకే భోజనము చేయుచుండగా చూచినవారెవరును వీరి విలువలేవని అడుగలేదు. పూర్వులకు మాత్రము విశ్వాసప్రమాణములు లేవా యని మరికొందరు. ఉన్నవి, అవి దేవుని గూర్చినవి, ఈ పలక మనలను గూర్చిన పొగడ్త. ఈ రెంటికిని పోలిక లేదు.

మరి చేయవలసిన దేమని అడుగుదురు. నాయొద్ద సమగ్రమైన పథకము లేదు; ఉండవలసిన అవసరమును లేదు, ఏలయనగా ఏ పల్లెకు ఆ పల్లె కూర్చుండి ఆలోచించుకొనవలసిన పని ఇది. సంవత్సరమున కొకమారైన సంఘసభ కూడవలెను, లెక్కలు బిగ్గరగా చదువవలెను, రస్తాకు ఇరుప్రక్కలనున్న రెండు సంఘములు ఒకే బల్లయొద్ద ప్రభుభోజనము తీసికొనవలెను, కీర్తనను మొదలిడు అధికారమును వెనుకవరుసలోని వృద్ధులకు తిరిగి ఇయ్యవలెను. ఇంతకంటె ఇప్పుడు చెప్పజాలను.

ఆ ఫ్లెక్సీలను మాత్రము దించవలెనని నిర్మొగమాటముగా కోరుచున్నాను. ఎవరైనను దింపుటకు ఒప్పుకొననియెడల, ప్రతి పదమునకు ఎదుట, ఆ విలువకొరకు ఈ సంఘము ఏ సంవత్సరమున ఏమి పోగొట్టుకొన్నదో వ్రాయుదురుగాక. ఒంగోలు సంఘము అగ్రకులముల స్నేహమును వదలుకొన్ననాటిని, కరవునాటి 15 నెలలను వ్రాయగలదు. మనము వ్రాయగలిగినది ఏదియు లేనిచో, లేదని ఒప్పుకొని, వచ్చు సంఘసభనుండియైన ఆ నష్టమునకు సిద్ధపడుటయే మన కర్తవ్యము.