ముడి ఉన్న మొదటి వాక్యం

"ఒక కథ చెప్పమ్మా" అంటే మా జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు చాలామంది నేలచూపులు చూస్తారు. తెలుగు రాక కాదు. ఆకలేస్తోందని, చలేస్తోందని, చెల్లి గిల్లిందని చెప్పుకోడానికి కావలసిన తెలుగు వాళ్ల దగ్గరుంది. నాన్నమ్మ శ్రీకాకుళం యాసలో గడగడా మాట్లాడినా ఒక్క ముక్క వదలరు. కథ అనేసరికి మాత్రం ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తోచదు. తోచనప్పుడు హిందీలోకి జారిపోతారు, లేదా ఫోన్లోకి.

అదే పిల్లతో ఇలా అని చూడండి: "రాత్రి ఎవరో మన పక్క క్వార్టర్ జామచెట్టుకి తాళం వేసి వెళ్లిపోయారు." అంతే, ఇంకేమీ చెప్పకండి. "చెట్టుకి తాళమెందుకు?" అని ఆ పిల్లే అడుగుతుంది. "నాకేం తెలుసు, నువ్వే చెప్పు" అంటే రెండు నిమిషాల్లో దొంగ ఉడత వస్తుంది, తాళంచెవి మింగిన పిల్లి వస్తుంది. సగం తెలుగు, సగం హిందీ. అయినా అది కథే, ఆ పిల్ల సొంత కథ.

ఇందులో పని చేసింది తాళం. చెట్టు, తాళం అనే రెండు మాటలు ఒకదాని పక్కన ఒకటి ఇమడవు. ఇమడని చోట మనసు ఊరికే కూర్చోదు. ఈ సంగతిని పట్టుకుని ఒక పద్ధతిగా మలిచినవాడు ఇటలీ పిల్లల రచయిత జాన్నీ రొదారీ. 1972 మార్చిలో రెజ్జో ఎమీలియా అనే ఊళ్లో ఉపాధ్యాయులతో కొన్ని రోజులు కూర్చుని, కథలు ఎలా పుడతాయో విడమరిచి చెప్పాడు. ఆ మాటలే మరుసటి ఏడాది పుస్తకమయ్యాయి. 'కల్పనకు వ్యాకరణం' అని దాని పేరుకు అర్థం.

రొదారీ చెప్పిన ఆట ఇది. ఒక పిల్లవాడు నల్లబల్లకి ఈ పక్కన ఒక మాట రాస్తాడు. ఇంకొకడు అవతలి పక్కన, ఎవరికీ కనబడకుండా, మరో మాట రాస్తాడు. ఒకటి కుక్క, రెండోది బీరువా అనుకుందాం. బల్ల తిప్పగానే ఆ రెండూ ఎదురుపడతాయి. వాటిని కలిపే చిన్న మాట మారిస్తే కథ మారిపోతుంది. ఇటాలియన్‌లో ఆ పని విభక్తి లాంటి చిన్నచిన్న పదాలు చేస్తాయి, అవి నామవాచకానికి ముందు వస్తాయి. మనకైతే వెనక వస్తాయి: బీరువాలో కుక్క, బీరువాతో కుక్క, కుక్క కోసం బీరువా, బీరువా మీద కుక్క. ఒక్కొక్కటీ ఒక్కో కథ. ఇది చదివినప్పుడు నాకు మా కాలనీ పిల్లలే గుర్తొచ్చారు. ఇంటి తెలుగులో ముందుగా అరిగిపోయేవి ఈ లో, తో, కోసం, నుంచి అనేవే. ఎక్కాల్లా వల్లె వేయిస్తే అవి నిలవవు. కుక్క బీరువాలోంచి బయటికి రావాలంటే మాత్రం 'లోంచి' కావాలి, పిల్ల ఎలాగో వెతికి తెచ్చుకుంటుంది.

రొదారీకి ఈ ఆలోచన తట్టిన సందర్భం కూడా మనకు దగ్గరిదే. 1937-38 చలికాలంలో, జర్మనీ వదిలి ఇటలీకి వచ్చిన ఒక యూదు కుటుంబంలో పిల్లలకు ఇటాలియన్ చెప్పే పనిలో ఉన్నాడు. ఒక భాషలో పుట్టి ఇంకో భాష మధ్య బతకాల్సిన పిల్లలన్నమాట. మా వాళ్ల పరిస్థితి కొంచెం తిరగబడింది: బయటి భాష బాగా వచ్చు, ఇంటి భాషే చేజారుతోంది.

షికాగోలో కూడా ఇలాంటి పిల్లలతోనే ఇంకొకావిడ పని చేసింది. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ నెలకొల్పిన సేవాకేంద్రం హల్ హౌస్‌లో నీవా బోయిడ్ దగ్గర ఆటల ద్వారా నేర్పడం నేర్చుకున్న వయోలా స్పోలిన్, 1930ల చివర్లో వలస కుటుంబాల పిల్లలతో, పెద్దలతో ఆశువుగా నాటకం ఆడించింది. ఆ అనుభవంతో 1963లో వచ్చిన ఆమె పుస్తకం ఇప్పటికీ నాటకం నేర్పేవాళ్ల చేతుల్లో ఉంది. ఆమె చెప్పినవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఒకటుంది. మెచ్చుకోలు, తప్పుపట్టడం రెండూ ఆటను చంపేస్తాయి, పిల్లలు ఆట మీంచి చూపు తీసి పెద్దవాళ్ల మొహం చూడ్డం మొదలుపెడతారు అంటుంది. అందుకే ఆట ఆపి పాఠం చెప్పదు. పక్కనుంచి ఒక చిన్న మాట అందిస్తుంది, ఆట సాగుతూనే ఉంటుంది.

ఈ పక్కమాట మనకు కొత్తది కాదు. మన ఇళ్లలో దాని పేరు ఊకొట్టడం. కథ చెప్పేవాళ్లకి "ఊ" అనేవాళ్లు లేకపోతే కథ నడవదు. ఉత్తరాంధ్ర అవ్వలు ఇంకో అడుగు ముందుకేసి "అప్పుడేటైంది?" అంటారు. ఆ ప్రశ్నలో మెచ్చుకోలూ లేదు, దిద్దుబాటూ లేదు. కథ తర్వాతి మలుపు కోసం ఎదురుచూపు మాత్రమే ఉంది. పిల్ల "రాజా గుస్సా అయిపోయాడు" అన్నప్పుడు మనం "కోపం అనాలి" అంటే కథ అక్కడే ఆగిపోతుంది. "అయ్యో, రాజుకి కోపమొచ్చిందా? అప్పుడేటైంది?" అంటే ఆ మాట దాని చెవిన పడుతుంది, కథా ఆగదు.

అసలు, ఇచ్చిన వాక్యం మీద అప్పటికప్పుడు కట్టడం మనకంటే బాగా ఎవరికి తెలుసు? అష్టావధానంలో సమస్య అదే. పృచ్ఛకుడు అసంబద్ధమైన పాదం ఒకటి విసురుతాడు. అవధాని దాన్ని చివర ఉంచుకుని, ఆ అసంబద్ధత సబబయ్యేలా పైపాదాలు కడతాడు. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందన్న సమస్యను తెనాలి రామకృష్ణుడు పూరించాడని చాటువుల్లో చెబుతారు. జూదంలో ఓడి, అంతటి పాండవులు విరాటరాజు కొలువులో ఊడిగం చెయ్యాల్సి రావడాన్ని అందులో చూపించాడట. దోమ, ఏనుగు మాయమై, ఒక మహాదుఃఖం ఎదుట నిలుస్తుంది. రొదారీ కుక్కకీ బీరువాకీ మధ్య చూసిన ముడినే మనవాళ్లు శతాబ్దాల కిందటే 'సమస్య' అన్నారు.

తేడా ఒకటుంది, నా దృష్టిలో అదే ముఖ్యం. మన సమస్య సాధారణంగా చివరి పాదం. గమ్యం ముందే ఖాయం, అక్కడికి ఛందస్సు తప్పకుండా నడవాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా సభలు నింపింది ఆ నడక చూపించే. దానికి ఏళ్ల తరబడి చదువు కావాలి. మొదటి వాక్యం ఇస్తే ఆ భారం ఉండదు, గమ్యం ఎవరికీ తెలియదు. లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో పని చేసి, తర్వాత కెనడాలోని కాల్గరీలో ఆశునాటకం నడిపిన కీత్ జాన్‌స్టోన్ దీన్ని వెనక్కి నడిచే మనిషితో పోల్చాడు. అతనికి ముందేముందో కనబడదు. దాటి వచ్చింది మాత్రం కనబడుతుంది. కథకి ముగింపు కావాలంటే, దాటి వచ్చినదాన్నే మళ్లీ తీసుకురావాలి. ఏడు చేపల కథ తెలిసిన ఏ పిల్లకైనా ఇది విడిగా నేర్పక్కర్లేదు. ఎండని చేప దగ్గర మొదలైన ప్రశ్న గడ్డిమోపు, ఆవు అంటూ చేయి మారి మారి చీమ దగ్గరికి చేరుతుంది. అక్కడ జవాబు దొరికేసరికి వెనక ఉన్న గొలుసంతా ఒక్కసారి కదులుతుంది.

కాబట్టి నా కోరిక చిన్నది. కథ పిల్లలదే. మొదటి వాక్యం మాత్రం పెద్దవాళ్లం ఇద్దాం, అందులో ముడి ఉండేలా చూద్దాం. 'అనగనగా ఒక మంచి రాజు' అంటే అందులో ముడి లేదు. మా కాలనీలో ముడులకు కొదవా? 1945లో టెల్కో కంపెనీ మొదలైంది రైలింజన్లతో. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలొచ్చాయి. ఆ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టండి: "షిఫ్టు దిగే వేళకి, లారీ రావాల్సిన చోట ఒక ఆవిరి ఇంజన్ వచ్చి ఆగింది." ఇది వింటే రిటైరైన తాతయ్యలు కూడా ఊరుకోరు. లేదంటే, "టాటానగర్ స్టేషన్లో దిగిన అమ్మమ్మ సంచీలో ఆవకాయ జాడీ లేదు, ఎవరిదో కళ్లజోడుంది."

ఇక్కడ జనవరిలో చుట్టుపక్కల ఊళ్లన్నీ టుసు పండగలో ఉంటాయి, మనం సంక్రాంతిలో ఉంటాం. వచ్చే భోగినాడు మంట చుట్టూ చేరినప్పుడు ఒకరు ఇలా అందుకోవచ్చు: "నిరుడు ఇదే మంటలో వేసిన విరిగిన కుర్చీ, మర్నాడు పొద్దున్నే మళ్లీ వరండాలో కనబడింది." తర్వాతి మాట అందరికన్నా చిన్నవాళ్లది. వాళ్లు తడుముకుంటే తడుముకోనిద్దాం. మనం అడగాల్సింది ఒక్కటే: "అప్పుడేటైంది?"