కొండగట్టు కింద మొదటి ఏడు

ఈ వారం వుత్తరాల కట్టలో కోరుట్ల నుంచి ఒక తల్లి రాసిన వుత్తరం వున్నది. కాగితానికి రెండు వైపులా, మార్జిను కూడా వదలకుండా రాశారు. పేరు అచ్చు వెయ్యవద్దని కోరారు గనుక వెయ్యడం లేదు. సంగతి ఇది. బీడీలు చుట్టి కూతుర్ని చదివించారు. పిల్ల ఇంటరులో కాలేజీకే మొదటిది. ఈ ఏడు కొండగట్టు దగ్గర ఇంజనీరింగులో చేరింది. మొదటి మిడ్ పరీక్షలో లెక్కలలో సగం మార్కులు కూడా రాలేదు. అప్పటి నుంచి రోజూ రాత్రి ఫోను చేసి, "అమ్మా, నాకు రావడం లేదు, ఇంటికి వచ్చేస్తా" అని ఒకటే ఏడుపు. చుట్టాలేమో "మేం ముందే చెప్పాం" అంటున్నారు. తీసుకువచ్చి కోరుట్లలోనే డిగ్రీలో చేర్పించమంటారా అని నన్ను అడిగారు.

వద్దమ్మా, తీసుకురావద్దు. కనీసం రెండో మిడ్ అయ్యేదాకా ఆ మాటే ఎత్తవద్దు. ఎందుకో చెబుతాను. ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు గనుక తక్కిన పాఠకులు కూడా కాస్త చెవి వొగ్గాలి.

తెలియని వారి కోసం ఒక మాట. కొడిమ్యాల మండలం నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు 2007లో ఈ కాలేజీ పెట్టారు. కొండ మీద అంజన్న, కొండ కింద ఇంజనీరింగు! 2021లో సిరిసిల్లకూ ఇటువంటిదే వచ్చింది. సేద్యగాళ్ళ పిల్లలూ, సాంచాల మీద బతికే వాళ్ళ పిల్లలూ, ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లలూ వస్తున్నారు. తెలివిలో ఎవరికీ తీసిపోరు. తెలియనిదల్లా ఇంటరు చదువుకూ దీనికీ వున్న తేడా.

ఇంటరులో గంట కొడితే చదవాలి, గంట కొడితే పడుకోవాలి. ఎదురుగా ఒక లెక్చరరు కాపలా. ఆ తర్వాత ప్రవేశ పరీక్షలో మూడు గంటలలో 160 ప్రశ్నలు. నాలుగు జవాబులలో ఒకటి గుర్తు పెడితే చాలు. ఒక్కొక్కదానికి నిమిషం పై చిల్లర. అలా రెండేళ్ళు పరుగెత్తిన పిల్లకు ఇక్కడ ఒక్క లెక్క అరగంట పడుతుంది. అరగంట పట్టేసరికి "నాకు రాదు" అనుకుంటుంది. రాకపోవడం కాదు, ఆ లెక్క స్వభావమే అంత.

ఇక చదివే తీరు. అమ్మాయి రాత్రి రెండింటి దాకా నోట్సు తిరగేస్తున్నదని రాశారు. అదే కొంప ముంచేది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక్క విడత చదివి, తర్వాత మూడు విడతలు పుస్తకం మూసి జ్ఞాపకం వచ్చింది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలు చదివిన వారిదే పైచెయ్యి. వారం తర్వాత అడిగితే వారికి నూటికి 40 పాళ్ళే గుర్తున్నది, మూసి రాసిన వారికి 61. తిరగేస్తున్నంతసేపు అంతా వచ్చినట్టే వుంటుంది, అదే దాని మాయ. కాబట్టి పగలు చెప్పిన పాఠాన్ని ఆ సాయంత్రమే పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాయమనండి. మూడు రోజులకు మళ్ళీ, వారానికి మళ్ళీ. రాత్రి పదకొండుకు పడుకోమనండి.

అయినా నాకు అసలు భయం వేసింది నోట్సు గురించి కాదు. "మా పిల్ల ఎవరితో కలవదు, గదిలోనే కూర్చుని చదువుకుంటుంది" అని మీరు గొప్పగా రాసిన వాక్యం చూసి.

1970ల నడుమ కాలిఫోర్నియాలో, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్మన్ అనే గణిత బోధకుడికి ఇదే సమస్య ఎదురైంది. తమ బడులలో మొదటి వారుగా నిలిచి వచ్చిన నల్లజాతి పిల్లలు మొదటి ఏటి కలన గణితంలో తప్పుతున్నారు. శ్రద్ధ లేదన్నారు కొందరు, ఇంట్లో ప్రోత్సాహం లేదన్నారు కొందరు. ఆయన ఇరవై మంది నల్లజాతి విద్యార్థుల వెంటా, ఇరవై మంది చైనా సంతతి విద్యార్థుల వెంటా తిరిగి చూశాడు. శ్రద్ధా వుంది, ప్రోత్సాహమూ వుంది. తేడా ఒక్కటే. మొదటి వారు ఎవరికి వారు తలుపు వేసుకుని చదువుతున్నారు. రెండో వారు ముందు ఒంటరిగా చేసుకుని, తర్వాత కలిసి కూర్చుని, ఒకరి జవాబు ఒకరు దిద్దుకుంటున్నారు. తప్పు తనదో లెక్కదో వారికి ఆ రాత్రే తెలిసిపోతున్నది. అప్పుడాయన వెనుకబడిన వారికి తేలిక పాఠాలు పెట్టలేదు సుమండీ! ఇంకా కష్టమైన లెక్కలు ఇచ్చి గుంపుగా కూర్చోబెట్టాడు. తప్పేవారు నిలదొక్కుకున్నారు.

ఇది మీకు కొత్తేమీ కాదమ్మా. వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. ఎవరి బీడీలు వారివే, ఎవరి లెక్క వారిదే. అయినా కొత్తగా వచ్చిన పిల్ల పక్కదాని చెయ్యి చూసే పని నేరుస్తుంది.

కలిసి చదవడమంటే మంచం మీద పదిమంది చేరి సెల్లు ఫోన్లు చూసుకోవడం కాదు లెండి. ముగ్గురో నలుగురో చాలు. ముందు ఎవరికి వారు ప్రయత్నించి రావాలి. ఖాళీ కాగితంతో వచ్చిన వారికి టీ లేదు. వచ్చిన వారు రానివారికి చెప్పాలి, అంతేగాని కాగితం చేతికివ్వకూడదు.

ప్రయోగశాలలో ఇంకొక తమాషా వున్నది. దస్తూరి బాగుందని రికార్డు రాసే పని ఆడపిల్ల కొంగుకు కట్టి, తీగలు కలిపేదీ మీటరు తిప్పేదీ మగపిల్లలు చేస్తారు. నాకు ఒళ్ళు మండే విషయమిది. వారం వారం పని మార్చుకోవాలని మీ అమ్మాయి గట్టిగా చెప్పాలి. మన తెలుగింటి ఆడపడుచు ఎ. లలిత పద్ధెనిమిదో ఏట భర్తను పోగొట్టుకుని, నెలల పాపతో వుండి కూడా, మద్రాసు గిండీ కాలేజీలో చేరి 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరయింది. హాస్టలులో ఒంటరితనం భరించలేకపోతే, అక్కడే ప్రొఫెసరైన తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆడపిల్లలకూ సీట్లు వున్నాయని ప్రకటన ఇప్పించారు. కేరళ నుంచి ఇద్దరు వచ్చి చేరారు. ముగ్గురూ ఇంజనీర్లయ్యారు. పట్టా కాగితం మీద అచ్చయిన "అతడు" కొట్టేసి "ఆమె" అని చేత్తో దిద్ది ఇవ్వవలసి వచ్చిందట!

కలిసి చెయ్యడానికి పని ఏదీ అంటారా? కిటికీ తెరిస్తే కొండ వున్నది. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాటు రోడ్డులోనే ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. ఆ వూళ్ళ వాళ్ళకు చెప్పనక్కరలేదు. కారణాలు తేల్చడం పిల్లల పని కాదు. కాని ఒక ప్రశ్న వాళ్ళ పాఠంలోదే. పది టన్నుల బస్సు నిలువునా వంద మీటర్లు కిందికి దిగితే పుట్టే శక్తి ముప్పై లీటర్ల నీళ్ళను మరిగించగలదు. ఆ వేడంతా బ్రేకుల మీద పడితే ఏమవుతుంది? చిన్న గేరులో దిగితే ఎంత తగ్గుతుంది? జనం రెట్టింపయితే? మలుపులో బరువు ఎటు వాలుతుంది? నలుగురూ నాలుగు ప్రశ్నలు పంచుకుని, చివర ఎవరి భాగాన్ని వారు కాకుండా పక్కవారి భాగాన్ని పంతులుగారికి వివరించాలి. పంచుకుని పారిపోయే ఆట అప్పుడు సాగదు.

మిడ్ పోయినంత మాత్రాన ఏడాది పోదు. రెండో మిడ్ వుంది, చివరి పరీక్ష వుంది, అదీ తప్పితే సప్లిమెంటరీ వుంది. ఈ ఆదివారం ఫోనులో మార్కులు అడగవద్దు. పక్క గదులలో లెక్కలు వచ్చేదెవరు, తనలాగే రానిదెవరు అని అడగండి. తర్వాత ఒకసారి మీరే వెళ్ళి చూసి రండి. సకినాలు పట్టుకు వెళ్తారు కదా, నలుగురికి సరిపడా పట్టుకు వెళ్ళండి.