సవితార్ ఎవరు?

గాయత్రీ మంత్రానికి అధిదేవత సవిత. లోకాన్ని కదిలించే ప్రేరకుడు. ఆ పేరును ఒక అమెరికన్ ప్రతినాయకుడు ధరించినాడు. 1995లో కామిక్ పుస్తకాలలో పుట్టినప్పుడు సవితార్, పిడుగుపాటుతో మహావేగం పొందిన శీతలయుద్ధ కాలపు విమానచోదకుడు. ‘ది ఫ్లాష్’ టెలివిజన్ ధారావాహిక మూడవ భాగం (2016–17)లో మాత్రం అతని ముఖాన్ని లోహకవచం కప్పివేసినది.

కవచంలోనివాడు ఎవరని ప్రేక్షకులు నెలల తరబడి తర్కించినారు. మరణించిన మిత్రుడన్నారు కొందరు. పక్కనున్న సహచరుడే అన్నారు మరికొందరు. కథానాయకుని ఇంటిగుట్టు అంతా అతనికి ఎలా తెలిసినదన్న ప్రశ్నను విడువక పట్టుకున్నవారు నిజాన్ని ముందే ఊహించినారు. 2017 మే 2న కవచం తెరుచుకున్నది. లోపల ఉన్నవాడు కథానాయకుడు బేరీ ఆలెనే!

భవిష్యత్తులో ఇదే శత్రువుతో పోరాడటానికి బేరీ సృష్టించుకున్న తన ప్రతిరూపాలలో బతికి బయటపడిన ఒక్కడు అతడు. పోరు ముగిసిన తరువాత, అతడు అసలు బేరీ కాడని మిత్రులు వెలివేసినారు. ఆ ఒంటరితనంలోనే అతడు తాను దేవుణ్ణి కావాలని నిశ్చయించుకున్నాడు. ప్రతినాయకుని పుట్టుకకై పిడుగులను, శాపాలను వెదకిన ప్రేక్షకునికి చివరకు కనిపించినది అయినవారు మూసిన తలుపు.