పోలీసుల ఎదుట నేరాంగీకారం: బర్మింగ్‌హామ్ కేసు మిగిల్చిన సందేహాలు

పదహారేళ్ళకు పైగా జైలులో మగ్గిన ఆరుగురు ఐరిష్‌వారికి విధించిన శిక్షలను లండన్‌లోని అప్పీలు న్యాయస్థానం 1991 మార్చి 14న రద్దు చేసింది. బ్రిటిష్ న్యాయవ్యవస్థ చరిత్రలో అంతటి తలవంపు ఎదురైన సందర్భాలు అరుదు. అదే రోజున నేర విచారణ పద్ధతుల సమీక్షకు రాయల్ కమిషన్‌ను నియమిస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. ఆ కేసు లేవనెత్తిన న్యాయ సమస్య మన దేశానికి పరాయిది కాదు.

1974 నవంబర్ 21 రాత్రి బర్మింగ్‌హామ్ నగరంలో రెండు మద్యశాలల్లో బాంబులు పేలి 21 మంది మరణించారు. బెల్‌ఫాస్ట్ వెళ్ళేందుకు బయలుదేరిన ఐదుగురిని రేవు వద్ద, ఆరవ వ్యక్తిని నగరంలో అరెస్టు చేశారు. నలుగురు నేరాంగీకార వాంగ్మూలాలపై సంతకాలు చేశారు. తమను చిత్రహింసలు పెట్టి సంతకాలు చేయించారని వారు కోర్టులో మొరపెట్టుకున్నారు. చేతులకు పేలుడు పదార్థం అంటినట్లు పరీక్షలో తేలిందని ప్రాసిక్యూషన్ వాదించింది. పేకముక్కలను తాకినా ఆ పరీక్షలో అదే ఫలితం రాగలదని తరువాత వెల్లడైంది. నిందితులు రైలులో పేకాడిన మాట నిజం! 1975లో ఆరుగురికీ యావజ్జీవ శిక్ష పడింది.

అసలు ప్రశ్న అక్కడి నుంచే మొదలైంది. తమను కొట్టిన పోలీసులపై వారు నష్టపరిహార దావా వేయగా, 1980లో అది లార్డ్ డెన్నింగ్ ముందుకు వచ్చింది. ఈ దావా నెగ్గితే పోలీసులు హింసకు పాల్పడ్డారని, ప్రమాణం చేసి అబద్ధమాడారని, శిక్షలు పొరపాటని తేలుతుందనీ, అంతటి భయానక పరిణామాన్ని ఊహించడమే కష్టం గనుక దావా ముందుకు సాగరాదనీ ఆయన తీర్పు చెప్పారు. ఆరోపణ అబద్ధమని కాదు, నిజమైతే వ్యవస్థ పరువు పోతుందని ఈ వాదానికి అర్థం. మరుసటి ఏడు ప్రభువుల సభ కూడా దావాను కొనసాగనివ్వలేదు. 1988లో మళ్ళీ అప్పీలు విచారణకు వచ్చినప్పుడు, వినేకొద్దీ జూరీ తీర్పే సరైనదన్న నమ్మకం బలపడిందని న్యాయమూర్తులు ప్రకటించారు. మూడేళ్ళకే ఆ నమ్మకం కూలిపోయింది. పోలీసుల విచారణ పత్రాలపై జరిపిన శాస్త్రీయ పరీక్షలో, అవి అప్పటికప్పుడు రాసినవి కావని తేలింది.

బ్రిటన్‌లో హత్యకు మరణశిక్ష అప్పటికే రద్దయి ఉండకపోతే విడుదల చేయడానికి ఎవరూ మిగిలి ఉండేవారు కారు. ఈ ఉదంతం తరువాత తప్పు తీర్పులను పరిశీలించేందుకు 1997లో ఒక స్వతంత్ర కమిషన్ ఏర్పడింది. అయితే చిత్రహింసలకు గాని, తప్పుడు సాక్ష్యానికి గాని ఒక్క పోలీసు అధికారికీ శిక్ష పడలేదు. బాంబులు పెట్టిన అసలు దోషులకూ పడలేదు. మృతుల కుటుంబాలకు దక్కింది శూన్యం.

విచిత్రమేమంటే, తమ దేశంలో పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని సాక్ష్యంగా అంగీకరించిన బ్రిటిష్‌వారే భారతదేశంలో దానిని నిషేధించారు. వలస పోలీసులపై వారికే నమ్మకం లేకపోయింది. 1861లో వచ్చిన ఆ నియమం 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్‌గా స్థిరపడింది; 2024 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ కొనసాగుతున్నది. దీనికి గండి కొట్టింది స్వతంత్ర భారత పార్లమెంటే. 1987 నాటి టాడా చట్టం ఎస్.పి. స్థాయి అధికారి నమోదు చేసిన నేరాంగీకారానికి సాక్ష్య విలువ కల్పించింది. 1994లో కర్తార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో దానిని సమర్థించింది. టాడా 1995లో, ఆ తరువాతి పోటా 2004లో కాలగర్భంలో కలిసినా, మహారాష్ట్ర 1999లో చేసిన వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టం (మోకా) 18వ సెక్షన్‌లో అదే నిబంధన నిలిచింది.

దాని పర్యవసానం ముంబయిలో కనిపించింది. 2006 జూలై 11 నాటి లోకల్ రైళ్ళ పేలుళ్ళ కేసులో ప్రత్యేక న్యాయస్థానం 2015లో ఐదుగురికి మరణశిక్ష, ఏడుగురికి యావజ్జీవం విధించింది. ఆ 12 మందినీ బొంబాయి హైకోర్టు 2025 జూలై 21న నిర్దోషులుగా ప్రకటించింది. వాంగ్మూలాల్లోని భాగాలు ఒకదానికొకటి నకలు తీసినట్లున్నాయని, హింసించి రాబట్టినవని అభిప్రాయపడింది. అప్పటికే వారిలో ఒకరు జైలులో మరణించారు. మూడు రోజుల తరువాత సుప్రీంకోర్టు, విడుదలైనవారు తిరిగి జైలుకు వెళ్ళనవసరం లేదంటూనే, ఆ తీర్పును ఇతర మోకా కేసుల్లో ప్రమాణంగా తీసుకోరాదని ఆదేశించింది. 18వ సెక్షన్ మాత్రం యథాతథంగా ఉంది.