‘నాకు థైరాయిడ్ ఉంది’



మన వ్యవహారంలో స్థిరపడిపోయిన ఒక వాక్యం మీద నాకు అభ్యంతరం ఉంది. ‘నాకు థైరాయిడ్ ఉంది.’ పెండ్లి పందిళ్ళలో, రైలుపెట్టెల్లో, గుడి అరుగుల మీద ఈ మాట వినపడని రోజు లేదు. ‘ఆయనకు షుగర్ ఉంది’, ‘ఆవిడకు బీపీ ఉంది’ అనేవి దీని తోబుట్టువులు. వ్యాకరణరీత్యా మూడూ నిర్దుష్టమైన వాక్యాలే. అర్థం చూస్తేనే చిక్కు. థైరాయిడ్ లేనిదెవరికి? మెడ ముందువైపున, కంఠమణికి కొంచెం దిగువగా, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో సుమారు 20 గ్రాముల బరువుతో ఉండే గ్రంథి అది. నెత్తురులో చక్కెర బొత్తిగా లేనివాడు స్పృహలో ఉండడు. నెత్తురుకు పీడనం లేనివాడు అసలు బ్రతికే ఉండడు. ‘నాకు కాలేయం ఉంది’ అని ఎవరైనా దిగులుగా చెబితే నవ్వుతాం కదా!

లక్షణావృత్తి చేత ‘థైరాయిడ్’ అనగా ‘థైరాయిడ్ వ్యాధి’ అని గ్రహించరాదా అని అలంకారశాస్త్రం చదివినవారు నన్ను నిలదీయవచ్చు. గ్రహించవచ్చును. కాని ఏ వ్యాధి? ఆ గ్రంథి పని మందగించినా అదే మాట, మితిమీరినా అదే మాట. మొదటిదానిలో ఒళ్ళు బరువెక్కుతుంది, చలి ఓర్వలేరు, మలబద్ధం, చర్మం పొడిబారడం, గొంతు బొంగురుపోవడం, ఆలోచన కూడా నెమ్మదించడం. రెండవదానిలో మనిషి చిక్కిపోతాడు, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ఉక్క భరించలేడు. ఎడ్డెమంటే తెడ్డెమనే రెండు రోగాలకు ఒకే పేరు పెట్టుకుని కూర్చున్నాం.

ఇది కేవలం పండితుల చాదస్తం కాదని చెప్పడానికి మా బంధువర్గంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఒక కోడలికి ఆ గ్రంథి మందగించింది. వైద్యులు మాత్ర వ్రాశారు. కొన్నాళ్ళకు రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ అనే అంకె చాలా హెచ్చుగా వచ్చింది. కాగితం చూసి ఇంటి పెద్దలు ‘అమ్మాయికి థైరాయిడ్ ఎక్కువైంది’ అన్నారు. ఎక్కువైనదానిని తగ్గించాలి కదా! మాత్ర సగం చేశారు. తర్కంలో దోషం లేదు, మాటలో ఉంది. నాలుగు నెలల పాటు ఆ పిల్ల మెట్లెక్కితే ఆయాసపడింది, కూర్చున్నచోటే కునికింది. ముఖం ఉబ్బింది. ఇంట్లో వినిపించినది మాత్రం ‘ఈ కాలపు పిల్లలకు ఒళ్ళు వంగదు’ అన్న మాట. వేరొక వైద్యురాలు చూసి, మందు పెంచవలసినచోట తగ్గించారని చెప్పేదాకా ఆ నింద ఆమె మోసింది.

టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ తగ్గినట్లు ఎందుకవుతుంది? పల్లెటూరి వాళ్ళకు ఇది సులభంగా చెప్పవచ్చు. చెరువు కింద ఆయకట్టుకు నీరు వదిలే నీరటి ఉంటాడు కదా. కాలువలో నీరు పలచబడితే గట్టు మీద నిలిచి తూము దగ్గరి మనిషిని ‘ఇంకా ఎత్తు, ఇంకా ఎత్తు’ అని కేకలు వేస్తాడు. నీరు నిండుగా పారుతుంటే ఊరుకుంటాడు. మెదడు అడుగున బఠానీగింజంత ఉండే పీయూష గ్రంథి ఆ నీరటి. తూము థైరాయిడ్. నీరు థైరాక్సిన్ అనే హార్మోను. నీరటి కేకే టీఎస్‌హెచ్. కాగితం మీద పెరిగినది కేక, నీరు కాదు. అవతలి గ్రంథి పలకకపోయేకొద్దీ ఇవతలి కేక హెచ్చుతుంది. ఆ నీరటికి కూడా పైన మరొక అధికారి ఉన్నాడు, హైపోథాలమస్ అని. (అరుదుగా నీరటికే జబ్బు చేస్తుంది. అప్పుడు లెక్క మారుతుంది. అది వైద్యులు చూసుకోవలసిన విషయం.)

దేహంలోని వినాళ గ్రంథులలో చాలావాటికి ఇదే పద్ధతి. ఉత్తర్వు వెళ్ళడం, ఫలితం తిరిగి వచ్చి ఉత్తర్వును సవరించడం. ఇంగ్లీషువారు ‘ఫీడ్‌బ్యాక్’ అనే దీనిని నేను ‘మారుకబురు’ అనాలనుకుంటున్నాను. ‘హార్మోను’ అన్న మాట కూడా ఇటువంటి కబురు సంగతే చెబుతుంది. లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు 1902లో ఒక ప్రయోగం చేశారు. చిన్నప్రేవు నుండి క్లోమానికి వార్త నరాల ద్వారా కాక నెత్తురులో కలిసి కూడా వెళుతుందని తేల్చారు. 1905లో స్టార్లింగ్ అటువంటి ద్రవ్యాలకు గ్రీకు ధాతువు నుండి ఈ పేరు వాడాడు. కదిలించేది, ప్రేరేపించేది అని అర్థం. తెనిగించనక్కరలేదని నా అభిప్రాయం. మూడక్షరాల మాట, నోరు తిరుగుతుంది.

మన పాఠ్యపుస్తకాలలోని పేర్ల గురించి ఒక మాట. పిట్యూటరీ అన్న పేరుకు మూలమైన లాటిన్ పదానికి శ్లేష్మమని అర్థం. మెదడులోని మలినం దాని గుండా ముక్కులోకి జారుతుందని పాశ్చాత్య ప్రాచీనులు భ్రమపడ్డారు. మనవాళ్ళు దానికి ‘పీయూషం’ అని పెట్టారు. పీయూషమంటే అమృతమనే చాలామందికి తెలుసు. ఈనిన ఆవు తొలిదినాల పాలు, అంటే మన జున్నుపాలు, అన్నది కూడా నిఘంటువులు చెప్పే అర్థమే. తల్లికి పాలు పడడానికి ప్రేరణ ఇచ్చే ప్రొలాక్టిన్ వచ్చేది ఆ గ్రంథి నుండే! ఉద్దేశించి పెట్టారో, యాదృచ్ఛికమో గాని మూలం కంటె అనువాదం మిన్న. థైరాయిడ్ విషయంలో అంత అదృష్టం లేదు. గ్రీకులో డాలు అని అర్థం. మన పుస్తకాలలో ‘అవటు గ్రంథి’. అవటువంటే సంస్కృతంలో మెడ వెనుకభాగం. ముందున్న గ్రంథికి వెనుక పేరు! కనుక నేను థైరాయిడ్ అనే వ్రాస్తున్నాను. పాఠకులు నన్ను భాషాద్రోహిగా ఎంచకుందురు గాక.

ఈ గ్రంథి కథలో మన తెలుగువాడొకరు ఉన్నారన్నది మనలో ఎందరికి తెలుసో! 1921లో శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారు. థైరాక్సిన్ తయారు కావడానికి అయొడిన్ కావాలి. అది చాలకపోతే నీరటి కేకలు ఆగవు, గ్రంథి ఉబ్బి మెడ వాస్తుంది. అదే గలగండం. (గండమాల వేరు, ఈ రెంటినీ కలిపేయడం మనకు అలవాటు.) హిమాలయపు పాదాలలోని కాంగ్రా లోయలో 1956లో ఆయన, సహచరులు ప్రజలను మూడు ప్రాంతాలుగా విభజించారు. రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. 1962 నాటికి మొదటి రెండింటిలో గలగండం బాగా తగ్గింది, మూడవదానిలో తగ్గలేదు. తరువాత మూడవ ప్రాంతానికీ అయొడిన్ ఉప్పే ఇచ్చారు. దేశంలో గలగండ నివారణ కార్యక్రమం మొదలైనది ఆ 1962లోనే. ఇంత చేసిన మనిషి పేరు నేను పనిచేసిన ఏ బడిలోనూ గోడ మీద చూడలేదు. సినీనటుల పటాలు మాత్రం చూశాను.

పుట్టిన శిశువుకు ఈ హార్మోను లేకపోతే బుద్ధి వికసించదు. ప్రపంచంలో చాలాచోట్ల 2000 నుండి 4000 జననాలకు ఒకరు ఇట్లా పుడతారు. మన దేశంలో అంతకంటె ఎక్కువే. పుట్టిన కొద్దిరోజులలో మడమ నుండి ఒక చుక్క నెత్తురు తీసి చూసి, రెండు వారాలలోపు మందు మొదలుపెడితే ఆ బిడ్డ తక్కిన పిల్లలవలెనే చదువుకుంటుంది. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు. ఆ చుక్క నెత్తురు పరీక్ష మన ప్రసవశాలలన్నిటా నేటికీ జరగడం లేదు. బారసాలకు ముహూర్తం అడిగే తాతలు, అమ్మమ్మలు ఆసుపత్రిలో ఈ ఒక్క ప్రశ్న కూడా అడిగితే ఎంత బాగుండును!

మరొక ధోరణి కూడా నాకు నచ్చదు. కోపం వస్తే హార్మోన్లు, ప్రేమ కలిగితే హార్మోన్లు, కుర్రవాడు చదవకపోతే హార్మోన్లు. పూర్వం తలరాత అనేవారు, ఇప్పుడు దానికి గ్రీకు పేరు పెట్టారు. తలరాతను కొలిచే పరీక్ష లేదు. థైరాక్సిన్‌ను మైక్రోగ్రాములలో కొలిచి, తక్కువైతే తెల్లవారుజామున పరగడుపున ఒక చిన్న మాత్రతో పూడ్చవచ్చు. కాఫీకి కనీసం అరగంట ముందు వేసుకోవాలి, ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చినప్పుడు ఆరు నుండి ఎనిమిది వారాల తరువాత మళ్ళీ కొలవాలి. ‘అంకె బాగుంది కదా’ అని ఎవరంతట వారు మానేయకూడదు. మాత్ర వల్లనే ఆ అంకె బాగుంది.

ఇక పేరు సంగతి. ఆకలి మందగిస్తే ‘అగ్నిమాంద్యం’ అనడం మన ఇళ్ళలో ఎప్పటినుండో ఉన్నదే. ఆ బాటలోనే ‘థైరాయిడ్ మాంద్యం’, దానికి ఎదురుగా ‘థైరాయిడ్ ఉద్రేకం’ అని నేను వాడుతున్నాను. మొదటిది మా ఇంట్లో అప్పుడే నలిగింది. రెండవది ఇంకా నోటికి పట్టడం లేదు. ఇంతకంటె తేలికైన మాట మీకెవరికైనా తోస్తే వ్రాయండి.