సముద్రపుటడుగును ఊడ్చు వలలు

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీవరకు, 61 దినములు, తూర్పుతీరమునందలి మరపడవలు రేవులలో కట్టుబడి యుండును. చేపలు గ్రుడ్లుపెట్టి వృద్ధిపొందుటకు ఏర్పఱచిన విరామమిది. దీనిని మేము హృదయపూర్వకముగ సమర్థింతుము. కాని జూన్ 15వ తేదీన సముద్రములోనికి దిగునది మునుపటి వలయే యైనచో, రెండు నెలల యుపవాసఫలము ఎన్ని దినములు నిలుచును?

తీరమునకు ఇంతదూరమున నున్న మనకు ఈ చర్చ యేల యని నిజామాబాదు, బోధను పాఠకులు కొందఱు ప్రశ్నింపవచ్చును. నిజాంసాగరము దాటిన మంజీర కందకుర్తివద్ద గోదావరిలో కలియుచున్నది. ఆ గోదావరి మోసికొనిపోవు ఒండ్రుమట్టియే కాకినాడ ప్రాంతమున సముద్రపుటడుగున పఱచుకొని, రొయ్యలకును చేపలకును ఆహారభూమి యగుచున్నది. (ఆ మట్టిలో ఎంత మన సాగరముననే పూడికగ నిలిచిపోయినదో రైతుల నడిగిన చెప్పుదురు, అది వేఱొక కథ.)

ట్రాలు వల యనునది గరాటువంటి పెద్ద సంచి. ఇరుప్రక్కల తలుపులవంటి రెండు బరువైన బల్లలు నీటి యొత్తిడిచే ఎడముగ జరిగి దాని నోటిని తెఱచియుంచును. క్రిందిత్రాడు బరువులతో నేలను రాచుకొనుచు పోవును. నత్తలు, పురుగులు నివసించు పైపొరను అది గీరివేయును. రొయ్యకొఱకు వేసిన వలలో పీతయు, చేపపిల్లయు, తాబేలును పడును. వజ్రాకారపు కన్నులు లాగునప్పుడు ముడుచుకొనిపోవుటచే పిల్లచేప తప్పించుకొనజాలదు. చదరపు కన్నులైనచో తెఱచియే యుండును.

ఇది నిన్న మొన్నటి తగవు కాదు. 1376లోనే ఇంగ్లండునందు ఇట్టి యీడ్పువలపై పార్లమెంటునకు ఫిర్యాదు చేరినది. చిఱుచేపలు పందుల మేతకు పోవుచున్నవని అందొక యారోపణ. నేడు పందులకు బదులు చేపపొడి మరలు వచ్చినవి. ఆ పొడి రొయ్యల మేతలో చేరుచున్నది. పెరుగనిచ్చినచో పేదవాని పళ్ళెములోనికి రావలసిన చేప, పిల్లగనే పిండియై, విదేశములకు పోవు రొయ్యను బలిపించుచున్నది.

ఇండోనేషియా 1980లోను, హాంకాంగు 2012 చివరను, సింహళము 2017లోను ఈ వలను నిషేధించినవి. మనమును అట్లే చేయుదమనుట సులభము. కాని మరపడవపై పనిచేయువాడు కూలివాడు. పడవ యజమానులలో అప్పులపాలైనవారే పెక్కురు. ఒక్క దినమున వలలు కోసివేసినచో వారి పొయ్యి యారును, అంగడిలో చేపధర మండును. కావున మేము నిషేధమును కోరము; కట్టడిని కోరుచున్నాము.

చట్టము లేకపోలేదు. ఆంధ్రప్రదేశమున 1994వ సంవత్సరపు సముద్ర మత్స్య నియంత్రణ శాసనము క్రింద తీరమునుండి 8 కిలోమీటర్లవఱకు గల జలము తెప్పలవారికి, నాటుపడవలవారికి ప్రత్యేకింపబడినది. అయితే సముద్రముమీద గీత కనబడదు. సాక్షి లేని నేరమునకు శిక్షయు పడదు. న్యాయస్థానములలో దినములు గడపిన మాకు ఇది కొత్త పాఠము కాదు.

నేరము రుజువగువఱకు వేచియుండ నక్కఱలేని మార్గ మొకటి కలదు. ప్రభుత్వము 2019లో మరపడవల డీజిలు రాయితీని లీటరుకు 9 రూపాయలకు పెంచినది. నిషేధకాలపు భృతిని 2019లో 10,000, 2025లో 20,000 రూపాయలుగ నిర్ణయించినది. భృతి యాకలికి సంబంధించినది, దానిని ముట్టరాదు. నూనె రాయితీ యట్టిది కాదు. చదరపు కన్నుల వల, తాబేలు వెడలుటకు ద్వారము, పడవ జాడ తెలుపు యంత్రము గల పడవకే అది చెందవలెను. అడుగునేలలో కొన్ని తావులను, బెస్తలతో కూర్చుండి యెంచి, ఎల్లకాలము వలకు మూసివేయవలెను.

అప్పుడు తగ్గు చేపను ఎవరు పూరింపవలెను? ఇచ్చట మన వంతు వచ్చుచున్నది. బొచ్చె, రవ్వ, మోసు జాతులు తవుడు, నూనెగింజల చెక్కలతో పెరుగును. సముద్రపుచేపను పొడికొట్టి పెట్టవలసిన పని లేదు. నిజాంసాగరమువంటి జలాశయములకు 2016లో ఉచితముగ చేపపిల్లల నిచ్చు పథకము తెలంగాణమున ప్రారంభమైనది. విడిచినవి యెన్ని, ఏ పరిమాణమున విడిచిరి, సంఘములవారి వలలో తిరిగి పడినవి యెన్ని యను లెక్కను, చెరువువారీగ, ప్రతి గ్రామ పంచాయతీ గోడపై తెలుగున అంటింపవలసినదని మత్స్యశాఖవారిని కోరుచున్నాము.