పాపాయి గుడ్డలకి ఓ అర

పోయిన వారం మా పై వాటాలోకి పాపాయిని చూడ్డానికి వెళ్ళాను. పురిటికొచ్చిన వాళ్ళమ్మాయికి ఆ రోజుకి పదహారో రోజు. కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకునేలోగా పాపాయి పక్క తడిపింది. "అమ్మా, గుడ్డ!" అని కేకేసింది అమ్మాయి. ఇక చూడాలి ఆవిడ పరుగు! పెద్దగదిలో బీరువా తెరిచింది, లేదు. దండెం మీద చూసింది, ఇంకా తడే. చివరికి ఇస్త్రీకి కట్టి పెట్టిన మూటలోంచి ఒకటి లాక్కొచ్చేసరికి పాపాయి ఏడుపందుకుంది, బాలింత మంచం దిగి నిలబడింది, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అలాగని ఆ ఇంట్లో గుడ్డలకి కరువా? చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చిన జుబ్బాలూ, గౌన్లూ, టోపీలూ సోఫా నిండా వున్నాయి!

మీ ఇంట్లోనూ ఇదే వరసా? అయితే ఈ వారం మన కబుర్లు పాపాయి గుడ్డల గురించే.

పసిపిల్లకి ప్రత్యేకంగా ఓ గది, గోడకి ఏనుగుల బొమ్మలు, తెల్లటి చెక్క బీరువా... ఇవన్నీ ఫోటోల్లో బావుంటాయి. మనకుండేది ఓ మూలగది, ఓ మంచం, పక్కన ఉయ్యాల. ఫర్వాలేదు. బీరువాలో ఒకే ఒక్క అర, మంచం పక్కన ఓ వెదురు బుట్ట, ఓ మూత వున్న బకెట్టు వుంటే చాలు. ఆ అరలోంచి మాత్రం మీ పట్టుచీరలూ, మీవారి ఇన్సూరెన్సు కాగితాలూ నిర్దాక్షిణ్యంగా తీసెయ్యండి.

"బిడ్డ పుట్టకముందే బట్టలు కొంటే మంచిది కాదు" అంటారు మన పెద్దవాళ్ళు. మా అత్తగారు అసలు షాపు వైపు చూడనిచ్చేవారు కాదు. దానికి నేను కనిపెట్టిన ఉపాయం ఒకటే. కొత్తవి కొనొద్దన్నారు గానీ, పాతచీర చింపొద్దని ఎవరన్నారు? తొమ్మిదో నెల రాగానే బాగా వాడి మెత్తబడ్డ నేత చీరలు, పంచెలు నాలుగైదు తీసి సిద్ధం చేసుకోండి. ఆరు గజాల చీరని గజానికొకటిగా చింపితే ఆరు పొత్తిగుడ్డలొస్తాయి. ఒక్కొక్కదాన్నీ మళ్ళీ సగానికి చింపితే పన్నెండు లంగోటాలు. జరీ అంచు వుంటే ముందు అది తీసెయ్యాలి, పసివొంటికి గీసుకుంటుంది. నైలాన్, పాలియెస్టర్ చీరలు ఎంత మెత్తగా వున్నా వద్దు. చెమట పీల్చవు, తడి అసలే పీల్చవు.

ఎన్ని కావాలంటారా? గుడ్డలే వాడే ఇంట్లో మొదటి నెల రోజుకి పన్నెండు, పదిహేను తేలిగ్గా తడుస్తాయి. ఎండాకాలమైతే సాయంత్రానికి ఆరిపోతాయి. వానాకాలం ఒక్కోసారి రెండో రోజుకి గానీ ఆరవు. అందుకని మూడు డజన్లు వుంచుకుంటే దండెం వంక చూస్తూ దణ్ణాలు పెట్టక్కర్లేదు. రాత్రిపూట, ప్రయాణాల్లో డైపర్లు వేసినా, పగలు గుడ్డలే నా ఓటు.

గుడ్డల వల్ల ఇంకో లాభం కూడా వుంది. "పాలు చాలుతున్నాయో లేదో పిన్నీ" అని బాలింతలు బెంగపడతారు చూడండి, ఆ లెక్క బకెట్లోనే వుంది. అయిదో రోజు దాటాక ఇరవైనాలుగు గంటల్లో ఆరుసార్లకి తక్కువ కాకుండా పక్క తడిపి, బరువు పెరుగుతోందంటే, పాలు చాలుతున్నట్టే. తడిగుడ్డలు అంతకంటే తక్కువగా కనిపిస్తుంటే డాక్టరుకి చెప్పాలి. అంచేత గుడ్డలన్నీ ఇంటిల్లిపాది బట్టల్లో కలిపి పారెయ్యకుండా విడిగా ఓ బకెట్లో వెయ్యమనండి. ఉతికేటప్పుడు పనమ్మాయే చెప్పేస్తుంది లెక్క!

ఇక సర్దడం. ఒక్కటే సూత్రం: బాలింత మంచం మీద కూర్చుని, ఎడమచెయ్యి పాపాయి మీద వుండగానే, కుడిచేత్తో అందుకునేలా అన్నీ వుండాలి. గుడ్డ కోసం ఆవిడ అటు తిరిగిన ఆ ఒక్క క్షణంలోనే పిల్లలు మంచం మీంచి పడేది. ఇంకా బోర్లాపడలేదు కదా అన్న ధీమా వద్దు, కాళ్ళతో తన్నుకుంటూ జరిగే పిల్లలున్నారు. మంచం పక్కన స్టూలు మీద వెదురు బుట్ట పెట్టి, లంగోటాలు మడతల అంచు పైకి వచ్చేలా నిలబెట్టండి. ఒకటి లాగితే మిగతావి పడిపోవు. బుట్టలో ఓ పక్క నాలుగు జుబ్బాలు, రెండు పొత్తిగుడ్డలు, తుడవడానికి చిన్న మెత్తటి గుడ్డముక్కలు. రాత్రి పడుకోబోయే ముందు బుట్ట నింపడం ఇంట్లో ఎవరో ఒకరి డ్యూటీ. పాపాయి నాన్నగారికి అప్పజెప్పితే మరీ మంచిది, ఆ మాత్రం చెయ్యగలరు లెండి. సరిగ్గా సర్దామో లేదో తెలియాలంటే లైటు ఆర్పేసి, కళ్ళు మూసుకుని ఒక లంగోటా తియ్యండి. దొరికిందా, మీరు పాసయినట్టే. కరెంటు పోయేది ఎలాగూ రాత్రి రెండింటికే కదా!

నూనెసీసా, సున్నిపిండి, సబ్బు, సాంబ్రాణి ఈ బుట్టలో వద్దు. అవి స్నానాల దగ్గర వుండాలి. నూనెచేత్తో పట్టుకున్న బుట్ట ఎలా తయారవుతుందో నేను చెప్పాలా? పౌడరుడబ్బా ఎక్కడ పెట్టాలంటారా, అసలు పెట్టకండి. ఎగిరిన పౌడరు పసిఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాటుక కూడా కంటికి వద్దంటున్నారు డాక్టర్లు. దిష్టికోసం మనసొప్పకపోతే అరికాలికి ఓ చుక్క పెట్టి ఊరుకోండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న విషయానికొస్తాను. ఇది నా సొంత అనుభవం, తప్పు కూడా నాదే.

1994లో నాకు రెండో పిల్లాడు పుట్టాడు. పెద్దదాని జుబ్బాలు, స్వెట్టర్లు, పొత్తిగుడ్డలు నాలుగేళ్ళుగా మా అమ్మ ట్రంకుపెట్టెలో భద్రంగా వున్నాయి. భద్రం అంటే మామూలు భద్రం కాదు, మడతమడతకీ కలరా ఉండలు వేసి స్వయంగా నేనే సర్దాను. పురుటిరోజు పెట్టె తీసి, ఓసారి దులిపి, వాడికి తొడిగాం. "ఎంత జాగ్రత్త చేశావే!" అని అందరూ మెచ్చుకున్నారు. మూడోరోజుకి పిల్లాడి మొహం పచ్చబడింది. పసిపిల్లలకి కామెర్లు మామూలేగా అనుకున్నాం. సాయంత్రానికి పసుపు అరికాళ్ళదాకా దిగింది, పాలు తాగడం మానేసి అదేపనిగా మగతగా పడుకున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే పిల్లల డాక్టరమ్మ వాణ్ణి ఎత్తుకోగానే ఆగిపోయింది. పొత్తిగుడ్డ వాసన చూసి, "ఈ బట్టలు ఎక్కడివమ్మా? కలరా ఉండలు వేశారా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఆవిడ చెప్పింది ఇది. కలరా ఉండల్లో వుండేది నాఫ్తలీన్. దాని ఆవిరి గుడ్డల్లోకి ఇంకుతుంది. అక్కణ్ణించి పసిపిల్లల వొంట్లోకి ఊపిరి ద్వారానూ, చర్మం ద్వారానూ పోతుంది. నూనె రాసిన వొంటికైతే ఇంకా తేలిగ్గా పడుతుంది. మరి మనం పసివాళ్ళకి నూనె రాయకుండా వుంటామా! కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే రక్తంలో జీ సిక్స్ పీడీ అనే ఎంజైము తక్కువగా వుంటుందిట. మగపిల్లల్లో ఎక్కువ. పైకి ఏమీ తెలియదు. అలాంటి పిల్లలకి ఈ వాసన తగిలితే ఎర్రకణాలు గబగబా విరిగిపోతాయి, కామెర్లు ఒక్కసారిగా పెరిగిపోతాయి. మరీ పెరిగితే మెదడుకే దెబ్బ. మావాణ్ణి నీలం లైటు కింద పెట్టారు. రక్తం మార్చాల్సి వస్తుందేమోనని కూడా అన్నారు. రెండు రాత్రులు ఆ అద్దాల పెట్టె పక్కన కూర్చున్నాను. నా అదృష్టం, తగ్గిపోయింది. పరీక్షలో వాడికి ఆ ఎంజైము తక్కువనే తేలింది. అది జన్మంతా వుండేదే కాబట్టి ఇప్పటికీ ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మందు రాయించుకునే ముందు ఆ మాట చెప్తాడు.

అందుకని, అక్కచెల్లెళ్ళూ, పెద్దపిల్లల పాతబట్టలు వాడుకోవడం మంచి అలవాటే. కానీ పెట్టె తియ్యగానే ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. కలరా ఉండల వాసన వస్తే అవి పసివొంటి మీదకి వద్దు. ఉతికి, ఎండేసి, మళ్ళీ ఉతికి, నాలుగైదు రోజులు గాలికి ఆరేసినా ఇంకా అనుమానంగా వుంటే అలమర తుడవడానికి పెట్టుకోండి, అంతేగానీ ఆశకి పోకండి. బాలింత చీరలకీ, దుప్పట్లకీ, బొంతకీ కూడా ఇదే లెక్క. బిడ్డ అరకి పక్క అరలో ఆ ఉండలుంటే అవీ తీసెయ్యాలి. వాటి బదులు కర్పూరం పెడదామా అంటారేమో, అదీ పసివాళ్ళకి విషమే. జలుబుకని మూట కట్టి మెడలో వేసే అలవాటు కూడా మానాలి. నీడలో ఎండబెట్టిన వేపాకు పల్చటి గుడ్డలో మూటగట్టి అరలో ఓ మూల పెడితే సరిపోతుంది. నెలకోసారి మార్చండి.

పసుపు మొదటిరోజే కనిపించినా, అరచేతులకీ అరికాళ్ళకీ దిగినా, బిడ్డ పాలు తాగకపోయినా ఎండలో పడుకోబెట్టి చూద్దామని ఆగకండి. ఆ పూటే ఆస్పత్రికి.

మరికొన్ని చిన్న జాగ్రత్తలు. చేతితొడుగులు, మేజోళ్ళు తొడిగేముందు తిరగేసి చూడండి. లోపల వేళ్ళాడే దారమో, తల్లి జుట్టు వెంట్రుకో పసివేలికి చుట్టుకుంటే బిగుసుకుపోతుంది, మేజోడు వుండడంతో మనకి కనపడదు. కారణం లేకుండా ఏడుస్తుంటే ముందు వేళ్ళు చూడాలి. జుబ్బాకి దిష్టిపూస తగిలించే పిన్నీసు వద్దు. మెడకి కట్టే తాళ్ళున్న టోపీలు వద్దు. అసలు నిద్రపుచ్చేటప్పుడు ఇంట్లో టోపీ ఎందుకు? మన ఎండలకి మనం జాకెట్టుతోనే ఉడికిపోతూ, పిల్లకి మాత్రం స్వెట్టరూ, టోపీ, మేజోళ్ళూ! మనం వేసుకున్నదానికంటే ఒక్క పొర ఎక్కువ, అంతే. ఉయ్యాల్లో దిండ్లూ, బొమ్మలూ పేర్చకుండా వెల్లకిలా పడుకోబెట్టాలి.

కొత్తబట్టల సంగతికొద్దాం. పుట్టినప్పుడు వున్న బరువు అయిదు నెలలకి రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. కాబట్టి మొదటి సైజు జుబ్బాలు అరడజను చాలు, నెలన్నరకే బిగుతైపోతాయి. బారసాలకి వచ్చినవి మాత్రం కవర్లోంచి తియ్యకుండా వుంచేస్తాం. తీసేసరికి పిల్లకి పట్టవు! మా బంధువులింట్లో పదకొండు గౌన్లు అలాగే అయిపోయాయి. ఏ రోజు వచ్చినవి ఆ రోజే మూడునెల్లవి, ఆర్నెల్లవి, ఏడాదివి అని మూడు మూటలుగా కట్టి, పైన ఓ చీటీ. చీటీలో సైజు కాదు, తొడగబోయే నెల రాయాలి. వైశాఖంలో పుట్టిన పిల్లకి ఆర్నెల్ల స్వెట్టరు కార్తీకంలో పనికొస్తుంది. అదే కార్తీకంలో పుట్టిన పిల్లకి అదే సైజు స్వెట్టరు వైశాఖంలో ఎవరిక్కావాలి? అప్పుడే షాపుకెళ్ళి మార్చేసుకోవచ్చు. ఏదైనా ఒకసారి ఉతికిగానీ తొడగకండి. గంజి, నీలిమందు పసిబట్టలకి అక్కర్లేదు.

బాలింత సంచీ కట్టివ్వడం మన అమ్మమ్మల పనే అనుకోకండి, ప్రభుత్వాలూ చేశాయి. ఫిన్లాండులో 1938 నుంచి తల్లులకి పాపాయి బట్టల పెట్టె ఇస్తున్నారు. ఆ అట్టపెట్టెలోనే చిన్న పరుపేసి బిడ్డని పడుకోబెట్టుకోవచ్చు. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్టులో పాపాయి బట్టలతోపాటు దోమతెర కూడా పెట్టారు. ఆ దోమతెర ఆలోచన నాకు భలే నచ్చింది. మీ సరంజామాలోనూ అది మొదటి వస్తువై వుండాలి.

దండెం దగ్గర ఓ మాట. చీకటి పడ్డాక పసిగుడ్డలు బయట వుంచితే పక్షిదోషం అంటారు పెద్దలు. దోషం సంగతి నాకు తెలియదు గానీ, మంచుకి తడిసి, చీమలూ గొంగళిపురుగులూ పాకిన గుడ్డ ఎవరికి మంచిది? అయిదింటికల్లా తీసి, ఒక్కొక్కటీ దులిపి మడత పెట్టుకోండి.

చివరగా బిగుతైపోయిన బట్టలు. ఎవరింట్లోనైనా పురుడొస్తే "మీ పిల్లది ఒక్క జుబ్బా ఇవ్వరా" అని అడుగుతారు, ఆరోగ్యంగా పెరిగిన బిడ్డ గుడ్డ ముందు తొడిగితే మంచిదని. అడిగినవాళ్ళకి సంతోషంగా ఇవ్వండి, ఉతికి మరీ ఇవ్వండి. మీ గుర్తుకి ఒకటి దాచుకోవాలనిపిస్తే బాగా ఆరబెట్టి, పాత మల్లుగుడ్డలో చుట్టి, వేపాకు పెట్టి, ఏటా రెండుసార్లు ఎండకి చూపించండి. మావాడి జుబ్బా ఒకటి నా దగ్గరుంది. ముప్ఫై ఏళ్ళు దాటినా పురుగు పట్టలేదు.